గొఱ్ఱెదాటు : ఒక విమర్శపదమును గూర్చిన పరిశీలనము

మన సాహిత్యవిమర్శలో ‘గొఱ్ఱెదాటు’ అను మాట తఱచుగా వినబడుచుండును. ఒక కవి పూర్వకవుల త్రోవనే నడచెననియో, ఒక యుగమునందలి కావ్యములన్నియు నొక్క మూసలో పోసినట్లున్నవనియో చెప్పదలచినపుడు విమర్శకుడు ఈ మాటను ప్రయోగించి, అంతటితో తన పని ముగిసినదని తలచును. తీర్పు వినబడును గాని, తీర్పునకు ముందు జరుగవలసిన విచారణ కనబడదు. ఈ మాట యెట్టి దృశ్యమునుండి పుట్టినది? ఆ దృశ్యము ఆ జంతువు స్వభావమును ఉన్నదున్నట్లు తెలుపుచున్నదా? విమర్శలో దాని నెచ్చట వాడవచ్చును, ఎచ్చట వాడరాదు? ఈ మూడు ప్రశ్నలను వరుసగా పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

1

ముందుగా పదముల సంగతి. గొఱ్ఱె, గొఱియ అనునవి దేశ్యములు. కన్నడమునందలి ‘కుఱి’, తమిళమునందలి ‘కొఱి’ వీనికి జ్ఞాతులు. ‘ఏట’ యనునది పొట్టేలునకు పేరు. తమిళమున ‘యాడు’, ‘ఆడు’ అను రూపములు దీనికి సోదరములు. సంస్కృతమునందలి ఏడ, ఏడక శబ్దములు ద్రావిడభాషలనుండి పోయినవేయని భాషావేత్తలు పలువురు తలచుచున్నారు. ‘తగరు’ అనగా పొట్టేలు. ఈ పదము తమిళకన్నడములయందును కలదు. మేషము, అవి, ఉరభ్రము మొదలగునవి సంస్కృతమునుండి వచ్చి చేరినవి.

ఈ పదములన్నియు నొకే జంతుజాతిని చెప్పుచున్నను, లోకము వానికిచ్చిన లక్ష్యార్థములు రెండు పాయలుగా చీలినవి. ఆడుదానిని, మందను చెప్పు ‘గొఱ్ఱె’ మందబుద్ధికిని, బెదురునకును, విచారము లేని అనుసరణమునకును గుర్తయినది. మగదానిని చెప్పు తగరు, పొట్టేలు అను పదములు పౌరుషమునకును మొండితనమునకును గుర్తులైనవి. వాత్స్యాయనుడు చతుష్షష్టికళలలో మేషకుక్కుటలావకయుద్ధవిధి నొకదానినిగా లెక్కించెను. క్రీడాభిరామమున ఓరుగల్లు వీథులలోని వినోదములలో పొట్టేళ్ల పోరును కలదు. తిరువళ్లువరు తన కుఱళులలో 486వదానియందు, శక్తిగలవాడు అదనుకొఱకై అణగియుండుటను, తాకుటకై వెనుకకు తగ్గు తగరుతో పోల్చినాడు. పొట్టేలు వెనుకంజ వేయుట పిఱికితనము గాదనియు, అది వేగమును కూడగట్టుకొనుటయేయనియు కన్నులార చూచినవాడు గాని ఇట్టి పోలికను చేయజాలడు.

ఒకే జంతువు వెనుకకు తగ్గినపుడు వీరుడైనది. ముందుదానివెంట పోయినపుడు మూఢమైనది. లక్ష్యార్థము జంతువుయొక్క సమగ్రస్వభావమునుండి గాక, చూచువాని కంటబడిన యొక్క చేష్టనుండి పుట్టునని దీనివలన తేలుచున్నది. విమర్శకుడు ఈ సంగతిని మఱవరాదు. పలుకుబడి ఒక్క చేష్టకు సాక్ష్యమేగాని, జాతి మొత్తముమీద తీర్పు గాదు.

2

‘దాటు’ అనగా ఇచ్చట దుముకు, ఎగురు అని యర్థము. మందలను తోలువారు చెప్పు దృశ్యమొకటి కలదు. మంద ఇఱుకుదారిని పోవుచుండగా మోకాలియెత్తున ఒక కఱ్ఱ నడ్డము పెట్టినచో ముందువచ్చు గొఱ్ఱె దానిపైనుండి దుముకును. రెండవదియు, మూడవదియు నట్లే చేయును. అప్పుడు కఱ్ఱను తీసివైచినను, వెనుకవచ్చునవి ఆ చోటికి రాగానే ఎగురుచునే పోవును. ‘గొఱ్ఱెదాటు’ అను మాటలోని ప్రాణమంతయు ఈ దృశ్యముననే యున్నది. మొదటి గొఱ్ఱె దాటు సకారణము. అచ్చట అడ్డుకఱ్ఱ యున్నది. చివరి గొఱ్ఱె దాటు నిష్కారణము. కఱ్ఱ పోయినది, దాటు మిగిలినది. కావున ఈ మాట అనుసరణమును మాత్రమే నిందించుట లేదు; కారణము తొలగినపిదపను నిలిచిన అనుసరణమును నిందించుచున్నది. ఈ భేదమును గమనింపకుండుటవలననే మన విమర్శలో ఈ పదము మొద్దువాఱినది.

సంస్కృతమున దీనికి సమీపమైనది గడ్డరికాప్రవాహన్యాయము. గడ్డలికాప్రవాహమనియు పాఠము కలదు. గడ్డర శబ్దము గొఱ్ఱెను చెప్పును. ఉత్తరభారతమున గొఱ్ఱెలకాపరులకు గడరియ యను పేరు దీనినుండి వచ్చినదే. దీనిని అంధపరంపరాన్యాయముతో కలిపివేయుట సామాన్యమైన పొరపాటు. అంధపరంపరలో త్రోవ చూపువానికిని కన్నులు లేవు, వెంబడించువానికిని కన్నులు లేవు. గడ్డరికాప్రవాహమునందన్ననో కన్నులు అందఱికిని కలవు. చూపును వాడుకొనకపోవుటయే దోషము. మొదటిది అశక్తతను, రెండవది అలసతను చెప్పుచున్నవి.

ఆలంకారికులలో ఈ న్యాయము ప్రసక్తమైన ఘట్ట మొకటి మనకు మిక్కిలి ఉపదేశకరము. మమ్మటుడు కావ్యప్రకాశముయొక్క అష్టమోల్లాసమున ఒక పూర్వమతమును ఎత్తి చూపినాడు. లోకమున శౌర్యాదిగుణములు మనిషియందు సమవాయసంబంధమున నుండును. హారాదులు సంయోగసంబంధమున నుండును. గాన అచ్చట భేదము చెప్పవచ్చును. కావ్యమునందన్ననో ఓజఃప్రభృతిగుణములును, అనుప్రాసోపమాదులును రెండును సమవాయముచేతనే యుండును గాన, వానికి భేదము చెప్పుట గడ్డలికాప్రవాహమాత్రమని ఆ మతము. అనగా ఒకడు చెప్పినదానిని పదిమంది చెప్పుచు వచ్చిరని నింద. మమ్మటుడు దీనిని సరికాదని త్రోసిపుచ్చి, గుణములు రసధర్మములనియు, రసమును విడిచియుండవనియు, అలంకారములు శబ్దార్థముల ద్వారమున ఒకప్పుడు రసమునకు ఉపకరించుననియు భేదమును నిరూపించినాడు. పెక్కుమంది ఒకే మాట చెప్పినంతమాత్రమున అది గొఱ్ఱెలపోకడ కానక్కఱలేదు. ఆ మాటకు ఆధారము కలదా లేదా యని వెదకవలెను. గొఱ్ఱెదాటని నిందించినవారే తొందరపడినట్లు తేలుటయు కలదనుటకు ఇంతకంటె ప్రాచీనమైన ప్రమాణము వెదకనక్కఱలేదు.

3

ఇక జంతువు సంగతి. లోకోక్తి పూర్తిగా అసత్యము గాదు. 2005 జూలైలో తూర్పు తుర్కీయందలి గెవాష్ ప్రాంతమున ఒక గొఱ్ఱె కొండచఱియనుండి దుముకగా దాని వెంట సుమారు 1,500 గొఱ్ఱెలు దుమికినవనియు, వానిలో సుమారు 450 చచ్చినవనియు, మిగిలినవి చచ్చినవాని కళేబరముల రాశిపై పడి బ్రదికినవనియు వార్తాపత్రికలు ప్రకటించినవి.

అయినను ఇట్టి చేష్టకు మూలము బుద్ధిహీనత యనుట పొసగదు. గొఱ్ఱెకు కొమ్ము గోరు బలమంతగా లేదు. మందయే దాని కోట. 1971లో హామిల్టను అను జీవశాస్త్రవేత్త, మందలోని ప్రతిజంతువును తనకును శత్రువునకును నడుమ మఱియొకదాని నుంచుకొన యత్నించుననియు, ఆ యత్నములన్నియు కలిసియే మందగా బిగియుననియు సిద్ధాంతీకరించెను. 2012లో కింగు మొదలగువారు గొఱ్ఱెలకును, వానిని తఱుము కుక్కకును స్థానమును తెలుపు పరికరములు కట్టి పరిశీలింపగా, బెదరిన గొఱ్ఱెలు మంద నడిమికే చొచ్చుకొనిపోవుచున్నట్లు తేలినది. కావున అచ్చట వెంబడించుట ప్రాణరక్షణోపాయము. ఆలోచించుటకై ఆగినది తోడేలునకు ఆహారమగును.

జ్ఞాపకశక్తి విషయమునను లోకాభిప్రాయమును దిద్దుకొనవలసియున్నది. గొఱ్ఱెలు తమజాతివాని ముఖములను 50 వఱకు గుర్తించి రెండేండ్లకు పైగా మఱవకుండునని కెండ్రికు మొదలగువారు 2001లో నిరూపించిరి. 2017లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున, ఛాయాచిత్రములనుబట్టి మనుష్యులను గుర్తించుటను గొఱ్ఱెలకు నేర్పి చూచిరి. పదింట ఎనిమిదిమాఱులు అవి సరిగా గుర్తించినవి. ఈనిన తల్లి కొలదిగంటలలోనే తన పిల్లను వాసనచే నెఱిగి, పరులపిల్లలను చేరనీయదు.

‘గొఱ్ఱె కసాయివానినే నమ్మును’ అను సామెతను ఈ వెలుగున మఱల చదువవలెను. గొఱ్ఱె మేతపెట్టిన చేతిని, ముఖమును గుర్తుంచుకొనును, కావుననే నమ్మును. ఆ నమ్మకమును ద్రోహముగా మార్చినది మనుష్యుడు. సామెత గొఱ్ఱె తెలివితక్కువను చెప్పినట్లు మనము వాడుచున్నను, దానిలో దాగినది కసాయివాని కపటమే. యోహాను సువార్తలో గొఱ్ఱెలు తమ కాపరి స్వరమునెఱిగి వెంబడించునే గాని అన్యుని వెంబడింపవను ఉపమానము కలదు. అచ్చట వెంబడించుటయే వివేకమునకు గుర్తు. మందలతో బ్రదికిన జనులు కనిపెట్టిన ఈ విషయమును పైనుదాహరించిన ప్రయోగములు బలపఱచుచున్నవి.

అన్నిటికంటె మన చర్చకు ముఖ్యమైనది 2022లో పెరువాని మొదలగువారు ప్రకటించిన పరిశోధనము. చిన్నమందలలో గొఱ్ఱెలు మేయుచు, ఆగుచు, మఱల కదలుచుండును. కదలినప్పుడెల్ల ఒకటి ముందుండును, తక్కినవి వరుసగా దానిని అనుసరించును. కాని ఆ ముందుండునది ప్రతిపర్యాయమును ఒకటియే గాదు. అగ్రేసరత్వము చేతులు మాఱుచుండును. ఇప్పటి అనుసర్త మఱియొకప్పుడు త్రోవ చూపును. ఒక్కొక్కదానికి తెలిసిన త్రోవ ఈ విధముగా మందకంతకును ఉపకరించును.

4

ఈ మూడు సంగతులను సాహిత్యమునకు అన్వయించి చూతము. మారన మార్కండేయపురాణమునుండి పెద్దన స్వారోచిషమనుకథను గైకొనెను. అచ్చట నతడు అనుసర్త. పిదపటి ప్రబంధకర్తలకు అతడే అగ్రేసరుడయ్యెను. ఇట్టి చేతులమాఱుటకు సంప్రదాయమని పేరు. దీనిని గొఱ్ఱెదాటనుట అన్యాయము.

మనుచరిత్రమున వరూధిని విరహమును, చంద్రోపాలంభమును గమనింపుడు. ప్రవరుడు తిరస్కరించి పోయినపిదప ఆమె పడిన తాపమే మాయాప్రవరుని రాకకు త్రోవయిచ్చినది. దానివలననే స్వరోచి పుట్టుక. అచ్చట అడ్డుకఱ్ఱ యున్నది, దాటు సార్థకము. క్షీణయుగప్రబంధములు పెక్కింటిలో నాయిక నాయకుని చూచినదే తడవుగా విరహమును, చంద్రమన్మథోపాలంభములును, చెలుల శిశిరోపచారములును వరుసగా వచ్చును. అవి తొలగించినను కథకు కొఱతలేదు. అడ్డుకఱ్ఱ తీసివేయబడినది, ఎగురుట మాత్రము సాగినది. ‘గొఱ్ఱెదాటు’ అను మాట ఇచ్చట తగును.

షష్ఠ్యంతముల చరిత్ర దీనికి మాఱుముఖము. కృతిభర్తయైన రాజును కీర్తించుటకు వాడబడుచు వచ్చిన ఆ సంప్రదాయమును పోతన విడువలేదు. కాని నరాంకితమును నిరాకరించి, ఆ పద్యములను భగవంతునికే సమర్పించెను. బాహ్యరూపము పూర్వులదే, అందు కూర్చుండినవాడు వేఱు. పైపైని చూచినవాడు దీనిని అనుకరణమనును. కన్ను తెఱచి చూచినవానికి అది రాజాశ్రయమును తిరస్కరించిన ధీరత. తగరు వెనుకకు తగ్గి తాకినట్లు, పాతరూపములోనికి తగ్గి కొత్తయర్థమును తాకినది.

కావున ఈ మాటను ప్రయోగింపదలచినవాడు మూడు సంగతులను చూపవలెను. మొదట దాటినవాడెవడు, అతనికి అడ్డమైనదేమి? వెనుకటివానికాలమున ఆ అడ్డము తొలగినదా? వెంబడించినవాడు ఆ రూపమున నూతనమైనదేమియు నింపలేదా? ఈ మూడింటికి సమాధానము చెప్పక వాడిన ‘గొఱ్ఱెదాటు’ విమర్శ గాదు, తిట్టు.

మఱియొక మాట చెప్పి ముగింతును. మూలగ్రంథమును తెఱచి చూడక, ముందటి వ్యాసమునందలి ఉదాహరణమును, దాని అచ్చుతప్పుతో సహా దించుకొను అలవాటు మన పరిశోధకులలో లేకపోలేదు. ఒకరు తప్పు సంఖ్య వేసినచో పదుగురు అదే సంఖ్యను వేయుచున్నారు. కవులను గొఱ్ఱెదాటని నిందించు వ్యాసములందే ఈ దాటు కనబడుట విచారకరము. గొఱ్ఱెకు తోడేలు భయము కలదు. ఆగి చూచుటకు దానికి వ్యవధి లేదు. గ్రంథాలయమున కూర్చుండిన పరిశోధకునకు అట్టి భయమేమియు లేదు. అతడు ఆగి, అడ్డుకఱ్ఱ ఇంకను ఉన్నదో లేదో చూడవలసినవాడు.