వీఆర్ హెడ్‌సెట్లు నిజంగా ఓపెనా?

దసరా సెలవుల్లో మా పెదనాన్న కొడుకు బెంగళూరు నుంచి లక్కూరుకి ఒక వీఆర్ హెడ్‌సెట్ తెచ్చినాడు. కళ్ళకు కట్టుకుంటే చుట్టూ వేరే లోకం కనబడే పెట్టె అది. స్నేహితుని దగ్గర అడిగి తెచ్చింది. అతను ఇచ్చేముందు తన వివరాలన్నీ చెరిపేసినాడంట. తీరా చూస్తే కొత్త ఖాతా తెరవనిదే ముందుకు పోదు. దానికి ఫోన్‌లో యాప్ ఉండాల, నెట్ ఉండాల. ఆ రోజు మా ఇంట్లో సిగ్నల్ లేదు. సాయంత్రమంతా కంపెనీ గుర్తును చూసి చూసి పక్కన పెట్టేసినాము. "ఓపెన్ ప్లాట్‌ఫామేరా ఇది" అన్నాడు అన్న. ఆ మాట మీదే నాకు పేచీ.

కంపెనీలు ఈ మాటను చాలా సులభంగా వాడేస్తాయి. 2024 ఏప్రిల్‌లో మెటా కంపెనీ తన హెడ్‌సెట్లను నడిపే సాఫ్ట్‌వేర్‌కు హొరైజన్ ఓఎస్ అని పేరు పెట్టి, ఇకమీదట ఆసుస్, లెనోవో కూడా దాంతో హెడ్‌సెట్లు చేసుకోవచ్చని ప్రకటించింది. దీన్ని ఓపెన్ అన్నారు. తయారుచేసేవాళ్ళు పెరుగుతారని అప్పుడు అనుకున్నారు, సరే. కానీ నడిపించే కోడ్, ఖాతా, యాప్‌ల అంగడి మెటా చేతిలోనే ఉంటాయి. బావి ఊరందరిదీ, చేంతాడు మాత్రం ఒకరింట్లో! విచిత్రమేమంటే ఆ సాఫ్ట్‌వేర్‌కు పునాది ఆండ్రాయిడ్. అంటే అందరూ చూడగల, మార్చగల కోడ్ మీద కట్టుకొని పైన తాళం వేసుకున్నారు.

తయారీదారులు ఎక్కువైతే చాలదని ముందే తెలిసుండాల్సింది. 2017లో మైక్రోసాఫ్ట్ వారి విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ కోసం ఏసర్, హెచ్‌పీ, డెల్, లెనోవో, శామ్‌సంగ్ అందరూ హెడ్‌సెట్లు చేసినారు. 2024లో వచ్చిన విండోస్ 11 కొత్త వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ ఆ సాఫ్ట్‌వేర్‌ను తీసేసింది. ఆ వెర్షన్ వేసుకున్నవారి హెడ్‌సెట్లు, అద్దాలూ తెరలూ బాగున్నా, పనిచేయడం మానేసినాయి. అయిదు కంపెనీల సామాను ఒకరి నిర్ణయంతో మూలపడింది.

అందరూ ఒకేలా చేయలేదు. ఓక్యులస్ గో అనే పాత హెడ్‌సెట్ అమ్మకాలు ఆగినాక, 2021లో దాని తాళం పూర్తిగా తీసుకునే సాఫ్ట్‌వేర్‌ను కంపెనీయే విడుదల చేసింది. మెచ్చుకోవాల్సిన పనే. అదే కంపెనీ 2020లో కొత్తవాళ్ళకు ఫేస్‌బుక్ ఖాతా తప్పనిసరి చేసి, 2022లో ఆ నియమాన్ని తీసేసింది కూడా. పెట్టిందీ వాళ్ళే, తీసిందీ వాళ్ళే. కొన్నవారిది చూస్తూ ఉండే పని.

2019లో క్రోనోస్ గ్రూప్ ఓపెన్‌ఎక్స్‌ఆర్ అనే ఉమ్మడి ప్రమాణం తెచ్చింది. ఒకసారి రాసిన ఆట పెద్ద మార్పులు లేకుండా వేరువేరు హెడ్‌సెట్లలో నడవడానికి అది సాయపడుతుంది. మంచిదే. కానీ ఖాతా అడగవద్దని అది ఏ కంపెనీకీ చెప్పదు.

ఇదంతా మనకెందుకంటారా? మన జిల్లాలోని కోలారు బంగారు గనులు 2001లో మూతబడినాయి. మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న ఆ గనిలోకి నేను దిగే వీలు లేదు. దాన్ని తెలుగు మాటలతో వీఆర్ పాఠంగా చేస్తే ఎంత బాగుంటుంది! లినక్స్ కోడ్ తెరిచి ఉంది కాబట్టే హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవాళ్ళు ఎవరినీ అడగకుండా దాన్ని తెలుగులో తేగలిగినారు. హెడ్‌సెట్ మెనూను తెలుగులో పెట్టుకోవాలంటే మాత్రం కంపెనీకి దయ పుట్టాల.

నా చూపులో అన్నిటికంటే ఓపెన్ అయినది అన్నిటికంటే చవకది: గూగుల్ కార్డ్‌బోర్డ్. 2014లోనే దాని కొలతలు అందరికీ ఇచ్చినారు, 2019లో కోడ్ కూడా తెరిచినారు. కావాల్సింది అట్టపెట్టె, రెండు కటకాలు, ఒక ఫోను. లోపమూ చెప్పాల. అందులో తల తిప్పి చూడగలం గానీ, నాలుగడుగులు వేస్తే ఆ లోకం మనతో నడవదు. పెద్ద హెడ్‌సెట్ల ముందు అది బొమ్మే. అయినా నేను ఒకటి కత్తిరించినాను. అమ్మ ఫోను వెడల్పు ఎక్కువై పట్టడంలేదు, అట్టను మళ్ళీ కొలిచి కోయాల.