కదలని పులిని ఉరికించే గొంతు

భావనారుషి పులినెక్కి రాక్షసుడి మీదికి పోతాడు. పటంలో ఆ పులి కాలు ఎత్తి ఉంటుంది, అంతే. నకాశీ చిత్రకారుడు ఎత్తించిన కాలు పటం చిరిగేదాకా దిగదు. దాన్ని ఉరికించే పని కర్ర పట్టుకుని పక్కన నిలబడ్డ కూనపులి కథకుడిది. కర్ర బొమ్మకు ఆనగానే వచనం పాటవుతుంది, దరువు నడక మారుతుంది, వంతవాళ్లు చరణం చివర అందుకుంటారు. ముందు కూర్చున్నవాళ్లకు పులి ఉరికినట్టే ఉంటుంది.

సిరిసిల్ల, కోరుట్ల నేతవాడల్లోని పద్మశాలీలకు ఈ కథ సొంత పురాణం. దాన్ని చెప్పే హక్కు కూనపులి వాళ్లది. ముదిరాజులకు కాకిపడగల వాళ్లు పాండవుల కథ చెప్పినట్టు, గౌడులకు గౌడజెట్టిలు ఉన్నట్టు, తెలంగాణలో ఒక్కో కులానికి ఒక్కో కథకుల కుటుంబం ఉండేది. ఊళ్లు కూడా వాళ్లలో వాళ్లు పంచుకునేవారు.

బొమ్మలు గీసేది చేర్యాల నకాశీలు. గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు పట్టించి, ఎర్రటి నేల మీద అడ్డ వరసలుగా ఘట్టాలు దించుతారు. పటం పదుల అడుగుల పొడవుంటుంది. పైనుంచి కిందికి విప్పుకుంటూ పోతుంటే కథ నడుస్తుంది. పాతబడ్డ పటాన్ని పారేయరు. పూజ చేసి నీళ్లలో కలిపి కొత్తది రాయించుకుంటారు.

ఇక్కడి కిటుకంతా బొమ్మకూ గొంతుకూ మధ్య పంపకంలో ఉంది. ఎవరు, ఎక్కడ అన్నది బొమ్మ చెబుతుంది. ఎంత వేగం, ఎంత కోపం, ఎంత ఏడుపు అన్నది గొంతు చెప్పాలి. రాజుకు కడుపులోంచి వచ్చే బరువు మాట, రాక్షసుడికి గరగర, ఆడపాత్రకు సాగదీసిన రాగం. వంతవాడు ఊరికే తానతందాన అనే మనిషి కాడు. కథకుడికి ఊపిరి తీసుకునే సందు ఇస్తాడు, జనం మనసులోని అనుమానాన్ని పైకి అడుగుతాడు, కథ మరీ బరువెక్కితే ఓ చతురు విసురుతాడు.

సముద్రాల అవతల టీవీకి కూడా ఒకప్పుడు సరిగ్గా ఇదే అక్కర పడింది. 1963 జనవరి 1న జపాన్‌లో ఒసాము తెజుకా ‘ఆస్ట్రో బాయ్’ మొదలైంది. వారం వారం ఒక భాగం ఇవ్వాలి, చేతిలో డబ్బు లేదు. సినిమాలో సెకనుకు 24 చట్రాలు నడుస్తాయి. తెజుకా బృందం సెకనుకు ఎనిమిది బొమ్మలతోనో, అంతకంటే తక్కువతోనో నెట్టుకొచ్చింది. చాలాచోట్ల నోరు తప్ప ఏదీ కదలదు. ఆ లోటును చెవితో పూడ్చారు. మత్సువో ఓనో మరపిల్లవాడి అడుగులకు లోకంలో లేని ఎలక్ట్రానిక్ చప్పుళ్లు తయారుచేశాడు. అవి వింటే బొమ్మ నడిచిందనే అనిపిస్తుంది.

అమెరికాలో 1973-74లో 22 భాగాలుగా వచ్చిన ‘స్టార్ ట్రెక్’ బొమ్మల ధారావాహికదీ అదే దారి. జేమ్స్ డూహన్ తన ఇంజనీరు పాత్ర స్కాటీతో పాటు మూడు కాళ్ల అరెక్స్‌కూ, ఇంకా ఎందరో గ్రహాంతరవాసులకూ గొంతిచ్చాడు. నటులు కొన్నిసార్లు వేర్వేరు చోట్ల మాటలు రికార్డు చేస్తే తర్వాత అతికేవారు. ఆ అతుకు అక్కడక్కడా వినిపిస్తుంది కూడా. ఎదుటి మాట వినకుండా చెప్పిన జవాబులో పస తగ్గుతుంది. పటం కథకుడికి ఆ బాధ లేదు, వంతవాడు పక్కనే ఉన్నాడు.

ఒకే గొంతు పది పాత్రలు కావడం చూడాలంటే అమెరికా దాకా పోనక్కర్లేదు. వేములవాడ నుంచి కోరుట్ల దారిలో వచ్చే చందుర్తి చుట్టుపక్కల ఊళ్లకు ఒగ్గుకథ ఇంటి విద్య. వేములవాడ దగ్గరి హనుమాజీపేటకు చెందిన మిద్దె రాములు ఈ కళలో పెద్ద పేరు. 2010లో కన్నుమూశాడు. ఒగ్గుకథలో పటం కూడా ఉండదు. భుజం మీది తువ్వాల కొంగైతే ఎల్లమ్మ, తలకు చుడితే రాజు. మిగతాదంతా గొంతు, డోలు, తాళాలు.

‘స్టార్ ట్రెక్’ బొమ్మలు తీసిన అమెరికా స్టూడియో ఒకే సంగీతపు ముక్కల్ని భాగం తర్వాత భాగంలో వాడిందని విమర్శకులు ఎగతాళి చేశారు. ఒగ్గు డోలు విన్నవాళ్లు ఆ ఎగతాళిలో కలవరు. మల్లన్న కథైనా బీరప్ప కథైనా యుద్ధానికి తెలిసిన దరువే పడుతుంది. అది పడగానే ముసలమ్మ కూడా సర్దుకుని కూర్చుంటుంది, ఎందుకంటే ఏం రాబోతోందో డోలు ముందే చెప్పేసింది. వాడిన దరువే మళ్లీ వాడటం బద్ధకం కాదు, వినేవాళ్లతో కుదుర్చుకున్న సంకేతం.

హైదరాబాద్‌లోని జగదీశ్, కమలా మిట్టల్ మ్యూజియంలో 1625 నాటి భావనారుషి పటం ఉంది. రంగులు దక్కాయి, ఆనాడు దాన్ని ఏ రాగంలో చెప్పారో, ఏ ఘట్టం దగ్గర దరువు మార్చారో దక్కలేదు. ‘ఆస్ట్రో బాయ్’కు ఓనో చేసిన చప్పుళ్లనైతే ఇప్పటికీ వినొచ్చు. చేర్యాల కళాకారులు నేడు ఎక్కువగా గోడకు తగిలించే చిన్న చట్రాలూ, ముసుగులూ చేసి అమ్ముతున్నారు. నకాశీకి అది తిండిగింజల దారి, తప్పు పట్టలేం. అయితే చట్రంలోని ఒంటరి ఘట్టానికి ముందు ఏం జరిగిందో, తర్వాత ఏమవుతుందో కొనేవాళ్లకు చెప్పే కథకుడు దానితో పాటు రాడు. పటాలకు మ్యూజియాలున్నట్టే ఈ గొంతులకూ ఓ పద్ధతైన రికార్డింగు ఉండాలి. అదీ వంతలతో, చతుర్లతో, జనం నవ్వులతో సహా, రాత్రి కథ మొత్తంగా.