మంచు దాచిన సిగ్నల్, కేబిన్‌లో కనిపించే రంగు

డిసెంబరు, జనవరి నెలల్లో ఢిల్లీ నుంచి బిహార్ దాకా గంగా మైదానం మీద పొగమంచు దిగితే, సికింద్రాబాద్‌లో ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాళ్లకు కూడా దాని దెబ్బ తెలుస్తుంది. ఢిల్లీ నుంచి రావలసిన తెలంగాణ ఎక్స్‌ప్రెస్ గంటల తరబడి ఆలస్యమవుతుంది. ఇంజిన్‌లో కూర్చున్న లోకో పైలట్ కష్టం లెక్క వేసి చూడండి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు కదులుతుంది. ఎదుట 50 మీటర్లే కనిపిస్తుంటే, సిగ్నల్ కంటపడిన రెండు సెకన్లలోపే దాన్ని దాటేస్తాడు. బండి ఆగడానికేమో వందల మీటర్లు కావాలి. అంటే కన్ను ఎంత చురుకైనదైనా, ఎర్రరంగు కనిపించేసరికి ఆలస్యమైపోయినట్టే.

ఈ చిక్కుకు రైల్వే వేసిన పాత మందు టపాకాయ. సిగ్నల్‌కు కనీసం 270 మీటర్ల ముందు, పది మీటర్ల ఎడంలో రెండు డిటొనేటర్లను పట్టా మీద కడతారు. చక్రం ఎక్కగానే అవి పేలతాయి. సిగ్నల్ దగ్గరపడిందని పైలట్ చెవికి తెలుస్తుంది. తర్వాత ఫాగ్ పాస్ అనే చేతిపెట్టె వచ్చింది. అది జీపీఎస్‌తో బండి ఎక్కడుందో పట్టుకుని, రాబోయే మూడు గుర్తులను తెర మీద చూపుతూ, ఒక్కోదానికి అయిదొందల మీటర్ల ముందు గొంతుతో హెచ్చరిస్తుంది. దాని దయవల్ల పొగమంచులో అనుమతించే గరిష్ఠ వేగం 60 నుంచి 75 కిలోమీటర్లకు పెరిగింది. మెచ్చుకోదగ్గ పనిముట్టే. కానీ టపాకాయ అయినా, పెట్టె అయినా చెప్పేది ఒక్కటే: ముందు సిగ్నల్ ఉంది. అది ఎరుపో ఆకుపచ్చో చెప్పలేవు. రంగు చూడటం మళ్లీ కంటి పనే.

బండ్లు ఢీకొనకుండా కాపాడే కవచ్ వ్యవస్థ రూపకర్తలు అసలు ప్రశ్నను మార్చారు. సిగ్నల్ రంగు ఎవరికి తెలుసు? స్టేషన్‌కు తెలుసు. ఏ పాయింటు ఎటు తిరిగి ఉంది, ఏ లైను ఖాళీ, ఏ సిగ్నల్ ఏ రంగు అన్నదంతా స్టేషన్‌లోని ఇంటర్‌లాకింగ్ యంత్రాంగం దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మంచు అడ్డుపడేది దీపానికీ కంటికీ మధ్య మాత్రమే. రేడియో తరంగానికి మంచుతో పేచీ లేదు. కాబట్టి మంచును చీల్చి చూసే కెమెరా కోసం వెతకకుండా, తెలిసినవాడి చేత బండికి చెప్పించారు.

చెప్పాలంటే ముందు బండి ఎక్కడుందో తెలియాలి. ఇక్కడే నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం ఉంది. 1999 గైసల్ రైలు ప్రమాదం తర్వాత కొంకణ్ రైల్వేలో బొజ్జి రాజారాం ఆధ్వర్యంలో తయారైన పాత పరికరం రక్షా కవచ్ (ఇప్పటి కవచ్ వేరు) జీపీఎస్‌ను నమ్ముకుంది. పక్కపక్కనే నాలుగైదు మీటర్ల ఎడంతో రెండు లైన్లు ఉన్నచోట, బండి దేని మీద ఉందో ఉపగ్రహం కచ్చితంగా చెప్పడం కష్టం. ఢీకొట్టే బండికీ, పక్క లైనులో క్షేమంగా పోయే బండికీ తేడా ఆ నాలుగు మీటర్లే కదా!

కవచ్ ఆ తేడాను నేల మీదే రాసిపెట్టింది. పట్టాల మధ్య, స్లీపర్ల మీద ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు బిగించారు. కిలోమీటరుకొకచోట, ప్రతి సిగ్నల్ దగ్గరా ఇవి ఉంటాయి. మన కార్ల అద్దానికి అంటించే ఫాస్టాగ్‌ది కూడా ఇదే జాతి. అక్కడ ట్యాగు బండికుంటుంది, చదివే యంత్రం టోల్ గేటు మీద ఉంటుంది. ఇక్కడ తారుమారు: ట్యాగు నేల మీద, చదివే యంత్రం ఇంజిన్ పొట్ట కింద. ట్యాగుకు బ్యాటరీ అక్కర్లేదు. పైనుంచి వచ్చే తరంగంలోని శక్తితోనే అది తన స్థానాన్నీ, తాను ఏ లైనుదో తెలిపే సంఖ్యనూ తిప్పి పంపుతుంది. ఒకటి చెడితే ఇంకొకటి ఉండేలా వీటిని జంటగా అమర్చారు. ఒకదాని తర్వాత ఏ ట్యాగు వచ్చిందో చూసి బండి ఏ దిశలో పోతోందో కూడా పట్టేస్తారు.

రెండు ట్యాగుల నడుమ దూరాన్ని ఇరుసుకు బిగించిన పల్స్ జనరేటర్ కొలుస్తుంది. చక్రం తిరిగినకొద్దీ అది విద్యుత్ స్పందనలు పంపుతుంది. వాటిని లెక్కపెడితే దూరం వస్తుంది, వేగమూ వస్తుంది. అయితే చక్రం అరిగితే చుట్టుకొలత తగ్గుతుంది. మంచుకు తడిసిన పట్టా మీద చక్రం జారితే లెక్క తప్పుతుంది. తర్వాతి ట్యాగు రాగానే ఆ తప్పు చెరిగిపోయి లెక్క కొత్తగా మొదలవుతుంది. పొరపాటు పోగుపడటానికి కిలోమీటరుకు మించి చోటే ఇవ్వలేదు.

ఇంజిన్ తన స్థానాన్ని యూహెచ్‌ఎఫ్ రేడియోలో స్టేషన్ కవచ్ యూనిట్‌కు పంపుతుంది. ఆ యూనిట్ ఇంటర్‌లాకింగ్‌ను చదివి, ఆ బండి ఎంత దూరం దాకా పోవచ్చో తేల్చి తిరిగి పంపుతుంది. దీన్ని మూవ్‌మెంట్ అథారిటీ అంటారు. ముందున్న సిగ్నల్ ఆకుపచ్చ అయితే ఆ దూరం పెరుగుతుంది, ఎరుపైతే అక్కడికే ఆగుతుంది. ఈ సంభాషణ ఆగకుండా సాగుతూనే ఉంటుంది. పైలట్ ఎదుట తెర మీద సిగ్నల్ రంగు, మిగిలిన దూరం, ఉండవలసిన వేగం కనిపిస్తాయి. కిటికీ అద్దం బయట తెల్లటి గోడ నిలబడి ఉన్నా ఫరవాలేదు.

కవచ్ బండిని నడపదు. నడిపేది పైలటే. ఇంజిన్‌లోని కంప్యూటర్ బండి వేగాన్నీ మిగిలిన దూరాన్నీ చూసి, ఏ చోట ఎంత వేగానికి దిగి ఉండాలో ఒక గీత గీసుకుంటుంది. ఆ గీత దాటితే ముందు మోగి హెచ్చరిస్తుంది. అప్పటికీ పైలట్ బ్రేకు వేయకపోతే తానే వేస్తుంది, అవసరాన్ని బట్టి అంచెలంచెలుగా బలం పెంచుతుంది. లెవెల్ క్రాసింగ్ వస్తే హారన్ దానంతట అదే మోగుతుంది.

మరి రేడియో మూగబోతే? మౌనాన్ని ఈ వ్యవస్థ అనుమతిగా తీసుకోదు. అథారిటీ కొత్తగా అందకపోతే బండి వేగం అదుపులోకి వస్తుంది. రైల్వే భద్రతా ప్రమాణాల్లో అన్నిటికన్నా పైదైన సిల్-4 కవచ్‌కు దక్కడం వెనక ఇలాంటి అనుమానపు బుద్ధే ఉంది.

కవచ్‌ను రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ మన పరిశ్రమలతో కలిసి తయారుచేసింది. మొదట సరఫరాకు ఆమోదం పొందిన మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్ సంస్థలే. తొలి పరీక్షలు కూడా లింగంపల్లి, వికారాబాద్, వాడి, బీదర్ దారుల్లోనే జరిగాయి. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి సమక్షంలో చేసిన ప్రదర్శనలో, ముందున్న ఇంజిన్‌కు 380 మీటర్ల దూరంలోనే వెనకది దానంతట అదే ఆగిపోయింది.

పొగమంచు అంతగా ఎరగని దక్కనులో పుట్టి పెరిగిన ఈ పరికరానికి అసలు పని ఉత్తరాదిలో ఉంది. మెరుగుపరచిన 4.0 వెర్షన్‌కు 2024 జూలైలో ఆమోదం దొరికింది. 2025 జూలైలో అది ఢిల్లీ–ముంబై మార్గంలోని మథుర–కోట మధ్య పనిలోకి దిగింది. మంచు బాగా కమ్ముకునే ఢిల్లీ–హౌరా మార్గంలోనూ అమర్చే పని సాగుతోంది. కవచ్ అందని చోట్ల మాత్రం పైలట్లు ఇంకా ఫాగ్ పాస్ పెట్టెను వెంట తీసుకుని ఇంజిన్ ఎక్కుతున్నారు.