లారీ వెనకాల సాహిత్యం

పుస్తకాలకి సమీక్షలు రాసేవాళ్ళకేం, బోలెడుమంది! రోజూ ఇంతమంది చదివే లారీ వెనకాల రాతల్ని సమీక్షించిన విమర్శకుడు మాత్రం నాకింతవరకూ తగల్లేదు. స్కూటీ మీద లారీ వెనక ఇరుక్కుపోయి, అక్షరం అక్షరం చదివిన అర్హత నాకుంది కనక ఆ పని నేనే మొదలుపెడుతున్నాను.

ముందుగా ‘సౌండ్ హారన్’. ఇది మన పాత రోడ్లు రాయించిన వాక్యం. నడిమధ్య ఒక్క బండికి సరిపడా తారు, ఇరుపక్కలా మట్టి. వెనకవాడికి దారి ఇవ్వాలంటే సరుకుతో నిండిన లారీ ఒక పక్క మట్టిలోకి దిగాలి. అడక్కుండా ఎవరు దిగుతారు చెప్పండి? గోదావరి జిల్లాల్లో కాలవగట్టు రోడ్ల మీద మలుపు మలుపుకీ హారన్ కొట్టడం ఈనాటికీ అవసరమే. కానీ నాలుగు వరసల హైవే మీద కూడా అదే మోతేమిటి? మహారాష్ట్రలో 2015లో లారీల మీద ‘హారన్ ఓకే ప్లీజ్’ అని రాయొద్దన్నారు. రాత చెరపడం తేలికే, చేతి అలవాటు చెరపడమే కష్టం.

ఇక దిష్టి సాహిత్యం. ఉత్తరాది లారీ ‘చెడ్డకంటివాడా, నీ మొహం మాడ!’ అన్నట్టు శాపనార్థాలు పెడుతుంది. మన లారీ ‘నన్ను చూసి ఏడవకురా’ అని ఊరుకుంటుంది. తిట్టు తక్కువ, చనువు ఎక్కువ. శైలిలో నా మార్కులు మనవాళ్ళకే. అయితే ఆ ‘రా’ దగ్గరే నాకు పేచీ. వెనకాల ఉన్నది నేనైనా, పిల్లల్ని బడికి దింపుతున్న మరో తల్లైనా సరే, అది మగవాడితోనే మాట్లాడుతుంది.

పోనీ, ఇది డ్రైవర్ల సరదా అనుకుందాం. ప్రభుత్వం వారి రాతలు ఇంతకంటే నయమా? ఢిల్లీలో ఉంటున్న మా అబ్బాయి, కోడలు ఓసారి మమ్మల్ని తమ కార్లో లదాఖ్ తీసుకెళ్ళారు. అక్కడ సరిహద్దు రోడ్ల సంస్థ వారు కొండమలుపుల్లో చమత్కారంగా బోర్డులు పెట్టారు. పెళ్ళయితే వేగానికి విడాకులివ్వమంటుందొకటి. బాగుంది. మరొకటి, ‘కబుర్లు మాని ఆయన్ని నడపనివ్వండి’ అంటుంది. చూశారూ! ఆ పూట నడుపుతున్నది మా కోడలు, వెనక సీట్లో ఆపకుండా కబుర్లు చెబుతున్నది మా వారు!

కొండదారుల మర్యాద మాత్రం నాకు భలే నచ్చింది. ఇరుకు చోట దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారివ్వాలి. ఇది రూలే. ఎక్కేవాళ్ళ కష్టం తెలిసినవాళ్ళు పెట్టిన రూలు. మన తిరుమలలో ఆ చిక్కు లేదు. 1944 నాటి మొదటి ఘాటు రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి.

రాతల్లో ఆడవాళ్ళు లేకపోతే కొంపేం మునిగింది అంటారా? రాతల్లో లేనివాళ్ళు లెక్కల్లోనూ ఉండరు. ఢిల్లీలో ఆడవాళ్ళకి హెల్మెట్ తప్పనిసరి చేసింది 2014లో. అప్పుడూ సిక్కు స్త్రీలని మినహాయించారు. అంతకుముందు అదే స్కూటరు మీద మొగుడి తలకి రక్షణ, పెళ్ళాం తలకి కొంగు! ఆడవాళ్ళ తలలు గట్టివనుకున్నారో, పడితే రోడ్డు వాళ్ళని చూసి మెత్తబడుతుందనుకున్నారో మరి.

కనక బోర్డులు రాసేవారికి నాదొక మనవి. ‘మీ భార్య ఎదురుచూస్తోంది’ అనే ధోరణి మాని, ‘ఇంట్లో మీకోసం చూస్తున్నారు’ అనండి చాలు. ఎవరు నడుపుతున్నారో, ఎవరు గుమ్మంలో నిలబడ్డారో, ఆ సంగతి మా ఇళ్ళల్లో మేం చూసుకుంటాం.