2.30 అంటే ఎంత భూమి?

ఎక్సెల్ పట్టికలో ఒక నిలువు వరుస. ఒక్కో గడిలో ఒక్కో రైతు భూమి వివరం, ఎవరికి తోచినట్టు వాళ్లు రాసింది. ‘స.నెం. 145/2లో 2 ఎ. 30 గుం.’ అని ఒకచోట, ‘ఎకరన్నర మాగాణి’ అని ఇంకోచోట. వీటిలోంచి విస్తీర్ణాన్ని అంకెల్లోకి తెచ్చి మొత్తం కట్టాలి. జాబితాలతో కుస్తీ పట్టే నాబోటివాళ్లకు ఇది తరచూ తగిలే పని. ఓపికగా కూర్చుంటే ఇంత తృప్తినిచ్చే పని మరొకటి నాకు తెలియదు.

పనిముట్లకు కొదవ లేదు. ఎక్సెల్‌లో 2013 నుంచి ఫ్లాష్ ఫిల్ ఉంది. పక్క వరుసలో ఒకటి రెండు నమూనాలు టైప్ చేసి కంట్రోల్, ఇ కలిపి నొక్కితే మిగతా గడులను అదే పోల్చుకుని నింపుతుంది. గూగుల్ షీట్స్‌లో రెజెక్స్‌ఎక్స్‌ట్రాక్ట్ ఫార్ములా ఉంది. ‘వరుసగా ఉన్న అంకెలు తియ్యి’ అంటే తీస్తుంది. కానీ మొదట కనబడ్డవే తీస్తుంది. పై గడిలో దానికి దొరికేది 145, అంటే సర్వే నంబరు. 1,25,000 అని ఉంటే కామా దగ్గరే ఆగి 1 ఇస్తుంది. ‘ఎకరన్నర’లో దానికసలు అంకే కనబడదు. అరెకరం, ముప్పావు, పావు తక్కువ మూడు... మన ఊళ్లలో భూమి లెక్క నోటితో చెప్పేది ఇలాగే కదా! ఆ గడులు ఖాళీగా మిగిలిపోతే ఆ రైతులు మొత్తంలోంచే జారిపోతారు. అరెకరం, ముప్పావు అని చెప్పుకునేది చిన్న రైతులే.

అంకె చక్కగా దొరికినప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2.30నే తీసుకోండి. ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు కాబట్టి అది 2 ఎకరాల 30 సెంట్లు, దశాంశంగా కూడినా తప్పు రాదు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. అక్కడి కాగితంలో 2.30 అంటే 2 ఎకరాల 30 గుంటలు, అంటే పావు తక్కువ మూడెకరాలు. ఒకే అంకెకు రెండు చోట్లా తేడా 45 సెంట్లు. దానికి 1.20 కలిపితే కంప్యూటర్ 3.50 అంటుంది. అసలు లెక్క 4 ఎకరాల 10 గుంటలు. పైగా ఎక్సెల్ చివరి సున్నా తీసేసి 2.3 అని చూపిస్తుంది. తర్వాత చూసేవాళ్లు దాన్ని 3 గుంటలని చదివితే తప్పు వాళ్లది కాదు.

సర్వే నంబరు 5/2 అని కొడితే తేదీగా మారిపోయేదీ ఈ ఎక్సెల్‌లోనే. ఈ బాధ పడలేక శాస్త్రవేత్తలు 2020లో కొన్ని మానవ జన్యువుల పేర్లనే మార్చారు. ‘మార్చ్1’ అనే జన్యువు ‘మార్చ్ఎఫ్1’ అయింది.

అందుకే నేను అసలు వరుసను ముట్టుకోను. దాని పక్కన ఎకరాలకొక వరుస, గుంటలో సెంట్లో వాటికొకటి, ఏ కొలతో రాయడానికి మరొకటి పెడతాను. ఫార్ములాకు కూడా ‘ఎ.’ అన్న అక్షరానికి ముందున్న అంకెనే తీయమని చెబుతాను. ఖాళీగా మిగిలిన గడులను వడకట్టి ఒక్కొక్కటీ కళ్లతో చదువుతాను. ఆలస్యమవుతుంది, అయినా ఇంతకంటే నమ్మదగిన దారి నాకు కనబడలేదు.

ఊళ్లో వివరాలు రాసే మిత్రులకు ఒక విన్నపం. ఎకరాలు ఒక గడిలో, గుంటలో సెంట్లో వేరే గడిలో రాయండి. మధ్యలో చుక్క మాత్రం పెట్టకండి.