తోడు పెట్టిన సముద్రం

సముద్రజీవులను గాజుతొట్టెలో పోషించే విద్యలో, ఉన్న తొట్టెను విడిచి అంతకన్నా పెద్ద తొట్టెకు మారడం ఎంతో ఓర్పును కోరే ఘట్టం. చూసేవారికి అది చేపలను ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చడంగా మాత్రమే తోచినా, ఆనాడు తరలవలసిన జీవరాశిలో ముఖ్యమైనది కంటికి ఆనదు. రాతి రంధ్రాల్లో, ఇసుక రేణువుల మీద, వడపోత స్పంజిలో పొరలుగా అల్లుకుని బతికే బ్యాక్టీరియాయే ఆ తొట్టెకు ప్రాణాధారం. తెలుగిళ్లలో నిన్నటి పెరుగును కాస్త కలిపి నేటి పాలను తోడుపెట్టినట్టే, పాత తొట్టెలోని ఈ జీవంతో కొత్త తొట్టెను తోడుపెట్టాలి. ఈ విద్యలోని నియమాలన్నీ ఆ తోడు చెడకుండా కాపాడడానికి ఏర్పడినవే.

ఆ బ్యాక్టీరియా చేసే పనిని శాస్త్రం నత్రజని చక్రం అంటుంది. చేపలు మొప్పల ద్వారా విడిచే వ్యర్థం వల్ల, తినగా మిగిలి కుళ్లిన మేత వల్ల నీటిలో అమ్మోనియా చేరుతుంది. ఒక తెగ బ్యాక్టీరియా దానిని నైట్రైట్‌గా, మరో తెగ ఆ నైట్రైట్‌ను హాని తక్కువైన నైట్రేట్‌గా మారుస్తాయి. ప్రాణవాయువు అందని రాతి లోపొరల్లో నివసించే ఇంకో తెగ నైట్రేట్‌ను సైతం విడగొట్టి నత్రజని వాయువుగా బయటికి పంపుతుంది. మంచినీటి తొట్టెలోనూ ఈ చక్రం నడుస్తుంది గాని, సముద్రపు నీరు 8.1 నుంచి 8.4 వరకు పీహెచ్ గల క్షారజలం కావడం వల్ల అందులో అమ్మోనియా మరింత విషపూరితమవుతుంది, పొరపాటును దిద్దుకునే గడువు తగ్గిపోతుంది.

రాతికున్న ఈ శక్తిని మనిషి గుర్తించడానికి చాలాకాలం పట్టింది. 1846లో ఆనా థిన్ అనే ఆంగ్ల మహిళ టోర్కీ తీరం నుంచి పగడాలను లండన్‌కు తెచ్చి పెంచినప్పుడు, పనిమనిషి చేత నీటిని పదేపదే ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి ఒంపించి గాలి అందించవలసి వచ్చింది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజల కోసం అక్వేరియం తెరుచుకుంది. 1909లో మద్రాసు తీరాన మరొకటి వెలసింది. 1960ల తొలినాళ్లలో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్, సముద్రం నుంచి తెచ్చిన సజీవ శిలలను పేర్చి, గాలిబుడగలు మాత్రమే వదిలి పగడాలను పోషించిన పద్ధతిని లోకానికి తెలియజేశారు. పగడాల అస్థిపంజరాలు గట్టిపడి ఏర్పడిన, సూక్ష్మజీవులతో నిండిన ఆ గుల్లరాయినే పెంపకందారులు లైవ్ రాక్ అంటారు.

నీరు ఎక్కువైన కొద్దీ మార్పు నెమ్మదిస్తుంది కాబట్టి పెద్ద తొట్టె మేలు. 120 సెంటీమీటర్ల పొడవు, 45 చొప్పున వెడల్పు, ఎత్తు గల తొట్టెలో దాదాపు 240 లీటర్లు పడితే, 150 పొడవు, 60 చొప్పున వెడల్పు, ఎత్తు గల తొట్టెలో 540 లీటర్లు పడతాయి. అదే మోతాదు వ్యర్థం రెండవదానిలో సగానికన్నా ఎక్కువగా పలచబడుతుంది. అయితే ఆ నీరే సుమారు 550 కిలోలు తూగుతుంది గనుక నేల బలాన్ని, బల్ల సమతలాన్ని ముందే సరిచూసి, మంచినీటితో నింపి రెండు మూడు రోజులు ఉంచి సిలికోన్ అతుకులు కారడం లేదని నిర్ధారించుకోవాలి.

తరువాతి పని నీటిని సిద్ధం చేయడం. ఆంధ్ర తీరంలో సముద్రం చేరువలోనే ఉన్నా, వానాకాలం తరువాత గంగ, మహానది, గోదావరి వంటి నదుల వరదనీరు చేరి తీరజలాల లవణీయత, అంటే నీటిలో కరిగిన ఉప్పు పాలు, బాగా పడిపోతుంది; నగరాల దగ్గర కాలుష్యమూ తోడవుతుంది. అందువల్ల శుద్ధిచేసిన ఆర్‌ఓ నీటిలో అక్వేరియం ఉప్పును కలపడమే నమ్మదగిన మార్గం. కిలో నీటికి 35 గ్రాముల లవణీయత రావాలంటే, పెద్ద తొట్టెకు అదనంగా కావలసిన 300 లీటర్లకు దాదాపు 11 కిలోల ఉప్పు పడుతుంది. దానిని వేరే డ్రమ్ములో కలిపి, పంపుతో ఒక రోజంతా తిప్పి, రిఫ్రాక్టోమీటరుతో లవణీయతను కొలిచి, ఉష్ణోగ్రతను పాత తొట్టెతో సమానం చేయాలి.

తరలింపు నాడు వరుస తప్పకూడదు. మొదట పైనున్న తేటనీటిని సైఫన్ గొట్టంతో శుభ్రమైన డ్రమ్ములలోకి తీసి, రాళ్లను, పగడాలను ఆ నీటిలోనే మునిగి ఉండేలా చేర్చి, నీరు కదులుతూ ఉండేలా చిన్న పంపు పెట్టాలి. రాతిని అంటుకున్న స్పంజి జీవులు గాలి తగిలితే చనిపోయి, కుళ్లి, అమ్మోనియాను పెంచుతాయి. రాళ్లు తీశాక దాగే చోటు ఉండదు, నీటిమట్టమూ తగ్గుతుంది కనుక చేపలను చివరగా, వల కన్నా డబ్బాతో సులువుగా పట్టవచ్చు. వడపోత స్పంజిని కుళాయి నీటితో కడిగితే క్లోరిన్ వల్ల, కదలని నీటిలో గంటల తరబడి వదిలితే ప్రాణవాయువు అందక, అందులోని బ్యాక్టీరియా నశిస్తుంది. కరెంటు పోయినా ఆగని బ్యాటరీ గాలిపంపు చేతికందేలా ఉండాలి.

ఇసుక విషయంలో పొదుపు ప్రమాదకరం. ఏళ్ల తరబడి అడుగున పేరుకున్న మడ్డిని కదిపితే అమ్మోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్ ఒక్కసారిగా వెలువడవచ్చు. అందువల్ల బాగా కడిగిన కొత్త ఇసుకను వాడి, పాతదాని పైపొర నుంచి ఒకటి రెండు గుప్పెళ్లు మాత్రం తోడుగా వేయాలి. ఇసుకను తవ్వే జీవులు పునాదిని కదిలించకుండా రాళ్లను ముందు గాజు అడుగు మీదే నిలబెట్టి, ఆ తరువాతే చుట్టూ ఇసుక పరచాలి. నీరు తేరుకుని, ఉష్ణోగ్రత, లవణీయత కుదిరాక, సన్నని గొట్టంతో కొత్త నీటిని చేపలున్న పాత్రలోకి చుక్కచుక్కగా వదిలి అలవాటు చేసి, వాటిని లోపలికి వదలాలి. కొత్త దీపాల వెలుగుకు అలవాటయ్యే వరకు పగడాలను కింది వరుసలో ఉంచడం మంచిది.

ఆ తరువాత రెండు మూడు వారాలు మేత తగ్గించి, అమ్మోనియా, నైట్రైట్‌లను తరచుగా పరీక్షిస్తూ, అవి కనిపిస్తే సిద్ధంగా ఉంచిన ఉప్పునీటితో కొంత నీటిని మార్చాలి. తొట్టె పెద్దదైందని వెంటనే కొత్త చేపలను తేవడం తగదు. పాలు తోడుకునే దాకా గిన్నెను కదపకూడదన్న ఇంటి నీతి ఇక్కడా వర్తిస్తుంది.

ఈ ఓర్పు విలువ గాజుగోడల దగ్గర ఆగిపోదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకు, సముద్రగుర్రాలకు 2001 నుంచి రక్షణ ఉంది. పగడపు దిబ్బల నుంచి వాటిని సేకరించడం నేరం. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపలను హేచరీలో పెంచే పద్ధతిని రూపొందించినందున, సముద్రాన్ని కొల్లగొట్టకుండానే ఈ విద్యను సాధన చేసే దారి ఉంది. కృత్రిమంగా చేసిన గుల్లరాళ్లను పాత రాళ్ల సరసన పేర్చి, కొన్ని నెలలు వేచి ఉంటే, పాతవాటి జీవం వాటికీ పాకుతుంది. దిబ్బ నుంచి ఒక్క రాయి పెకలించకుండానే ఒక తొట్టె మరో తొట్టెకు తోడవుతుంది.