మూగదెబ్బ: యుద్ధకాండలో ఒక ఉరోఘాత వర్ణన

వాల్మీకి రామాయణ యుద్ధకాండ 59వ సర్గలో వక్షస్స్థలానికి తగిలిన రెండు గాయాలు వెంటవెంటనే కనిపిస్తాయి. రావణుడు విసిరిన శక్తి లక్ష్మణుని విశాల వక్షంలోకి చొచ్చుకొనిపోతుంది. పడిపోయిన లక్ష్మణుని రావణుడు ఎత్తబోగా హనుమంతుడు క్రోధంతో వజ్రసమానమైన పిడికిలితో అతని రొమ్ముపై గుద్దుతాడు. మొదటిది ఆయుధం దిగిన గాయం. రెండవదానిని తెలుగు వ్యవహారంలో మూగదెబ్బ అంటాం. అది పైకి నెత్తురు చూపదు, హాని లోపల జరుగుతుంది. ఈ రెండవ గాయాన్ని కవి ఎలా వర్ణించాడన్నదే ఇక్కడ పరిశీలనాంశం.

రావణుడు మొదట మోకాళ్ళపై కూలుతాడు. కంపించి పడిపోతాడు. నోళ్ళనుండి, కన్నులనుండి, చెవులనుండి రక్తం వెలువడుతుంది. తూలుతూ రథంలో చతికిలబడి స్మృతి కోల్పోతాడు. దెబ్బ తగిలిన రొమ్ము ఏమైందో మాత్రం కవి చెప్పడు. హాని అంతా మరొకచోట బయటపడుతుంది. ఈ మౌనమే వర్ణనకు బలమని నా అభిప్రాయం.

ఇటువంటి ఘట్టం దొరికితే 'ప్రాచీన కావ్యంలో ఆధునిక వైద్యం' అనే శీర్షికతో వ్యాసం సిద్ధం చేయడం మన పరిశోధనలో అలవాటుగా మారింది. ఛాతీ తీవ్రంగా నలిగినప్పుడు గుండె కుడిభాగంలోని రక్తం సిరల గుండా తలవైపు ఎగదన్నుతుంది. ముఖం కమిలి, కంటి తెల్లగుడ్డులో రక్తం చిమ్ముతుంది. దీనిని వైద్యులు ట్రామాటిక్ ఆస్ఫిక్సియా అంటారు. పోలిక ఆకర్షణీయమే, కాని నిలవదు. ఆ స్థితి సాధారణంగా వాహనం కిందనో, తొక్కిసలాటలోనో కొంతసేపు నలిగినవారిలో కనిపిస్తుంది. పిడికిలి ఛాతీని తాకి ఉండే కాలం కొన్ని మిల్లీసెకన్లే. పోనీ, కమోషియో కార్డిస్ అందామా? అందులో గుండె స్పందనచక్రంలోని ఒక సున్నితమైన క్షణంలో, టి తరంగ శిఖరానికి సుమారు 15 నుండి 30 మిల్లీసెకన్ల ముందు, దెబ్బ తగిలి గుండె లయ తప్పుతుంది. అక్కడ రక్తస్రావం ప్రధాన లక్షణం కాదు. వెంటనే చికిత్స అందకపోతే బతకడం అరుదు. రావణుడో, కొంతసేపటికి తెలివి తెచ్చుకొని మళ్ళీ విల్లు పడతాడు. రోగనిర్ధారణకు కావ్యం లొంగదు, లొంగనవసరమూ లేదు.

అయితే బయోమెకానిక్స్‌కు ఇక్కడ వేరొక ఉపయోగం ఉంది. దెబ్బ ఎంత బలమైనదన్న ప్రశ్నను ఆ శాస్త్రం విడదీసి అడుగుతుంది: దేహమంతా కదిలిందా, దేహంలో ఒకచోటు అణిగిందా? 1954లో జాన్ స్టాప్ రాకెట్ బండిపై సుమారు 46 జీల మందగమనాన్ని తట్టుకొని బతికాడు. పట్టీలు ఆ భారాన్ని దేహంపై పరచాయి. అదే బలం ఒకచోట కేంద్రీకృతమైతే పక్కటెముకలు లోనికి వంగుతాయి. ఎంత లోతుకు, ఎంత వేగంగా వంగాయన్నదానిపై లోపలి అవయవాల గతి ఆధారపడుతుంది. వియానో, లావ్ 1980లలో ఆ వేగాన్నీ, ఛాతీ మందంలో అణిగిన వంతునూ క్షణక్షణానికీ గుణించి 'విస్కస్ క్రైటీరియన్' అనే కొలతను ప్రతిపాదించారు. నెమ్మదిగా అణిగితే ఓర్చుకొనే ఛాతీ, అంతే లోతుకు వేగంగా అణిగితే ఓర్చుకోలేదు.

ఈ భేదంతో సర్గను మళ్ళీ చదివితే ఉపమానాల అమరిక స్పష్టమవుతుంది. అంతకుముందు హనుమంతుడు అరచేత చరిచినప్పుడు రావణుడు భూకంపంలో పర్వతంలా చలించాడని కవి అన్నాడు. పర్వతం కదులుతుందే గాని లోనికి అణగదు. అక్కడ దేహం అఖండం, ఓటమి ఇంకా లేదు. పిడికిలి దెబ్బ దగ్గర వజ్రం పోలిక హనుమంతుని చేతికే పరిమితమైంది. రావణుని అవస్థకు పర్వతం మళ్ళీ రాదు. మోకాళ్ళు, కళ్ళు, చెవులు అంటూ దేహం భాగాలుగా విడిపోతుంది. దీనిని నేను అతిశయోక్తి వర్ణనగా కాక, ఆ సర్గ అంతటిలో అతిశయోక్తి సన్నగిల్లిన చోటుగా చదువుతాను.

తెలుగులోకి తెచ్చేవారికి ఇక్కడొక చిక్కు ఉంది. మూలంలో ఉన్నది ఉరస్సు, హృదయం కాదు. మనం 'గుండెలమీద గుద్దాడు' అనడం సహజం. 'గుండెలు' అన్న బహువచనం ఛాతీని, ఏకవచనం అవయవాన్ని సూచించడం తెలుగు సొగసే. కాని ఆ పలుకుబడిలో ఎముకల గూడు, దాని చాటున ఉన్న గుండె ఒక్కటైపోతాయి. కవి దాచి ఉంచిన లోపలిభాగం ముందే బయటపడుతుంది. ఈ ఒక్కచోట 'రొమ్ము' అన్న మాటే మూలానికి దగ్గర.